నీ మాడ్యూల్స్ ఒక్క కమాండ్‌తో దిగాలంటే

తమ్ముడూ,

పైథాన్ మాడ్యూల్స్‌ని జిప్ చేసి టీమ్‌లో అందరికీ పంపుతున్నానని, ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో ఎవరికీ తెలియట్లేదని రాశావు. ఆ జిప్పుల పని ఇవాళే ఆపెయ్. పైథాన్ ప్యాకేజీలను దించిపెట్టే పిప్ అనే టూల్ ఉందిగా, పిప్ ఇన్‌స్టాల్ అని పేరు కొడితే మాడ్యూలూ, దానికి కావలసినవన్నీ దిగిపోవాలి.

ప్యాకేజీలు పెట్టే సర్వర్ సంగతి తర్వాత, ముందు ప్యాకేజీ సరిగ్గా కట్టు. ఏమేం కావాలో రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసి ఊరుకుంటే లాభం లేదు, నీ ప్యాకేజీని ఇంకొకరు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పిప్ దాని మొహం కూడా చూడదు. ప్యాకేజీ వివరాలు రాసే పైప్రాజెక్ట్ ఫైల్లో డిపెండెన్సీస్ అని ఉంటుందే, అక్కడ రాయాలి. అక్కడ కూడా సరిగ్గా ఫలానా వెర్షనే కావాలని పట్టుబట్టకు. ఒకే లైబ్రరీకి నీ ఒక మాడ్యూల్ 2.1 కావాలని, ఇంకోటి 2.3 కావాలని కూర్చుంటే, 2020 చివర్లో వచ్చిన పిప్ 20.3 నుంచి అది రెండింటికీ రాజీ కుదరట్లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 2.1 లేదా ఆపైన, 3 కంటే తక్కువ అని రాస్తే చాలు. ఖచ్చితమైన వెర్షన్లు బిగించాల్సింది చివర్లో నడిచే అప్లికేషన్‌లో, లాక్ ఫైల్ (ఖచ్చితమైన వెర్షన్ల జాబితా) పెట్టి.

మాడ్యూల్స్ రెండో మూడో అయితే సర్వరే అక్కర్లేదు, గిట్ రిపాజిటరీలో వెర్షన్‌కి గుర్తుగా ట్యాగ్ వేస్తే పిప్ అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడటం మొదలయ్యాక మాత్రం ఒకటి ఈ ట్యాగ్, ఇంకోటి ఆ ట్యాగ్ అడిగి తన్నుకుంటాయి. అప్పుడు సొంత ఇండెక్స్, అంటే పిప్ ప్యాకేజీలు వెతుక్కునే సర్వర్, పెట్టుకో.

ఇక్కడే జాగ్రత్త. చాలామంది ఎక్స్‌ట్రా ఇండెక్స్ యూఆర్ఎల్ అనే ఆప్షన్‌లో సొంత సర్వర్ అడ్రస్ ఇచ్చేసి పనైపోయిందనుకుంటారు. పిప్‌కి మన సర్వర్ ముందు, ఎవరైనా ప్యాకేజీలు పెట్టగల పబ్లిక్ ఇండెక్స్ పైపీఐ తర్వాత అనే వరుస ఏమీ లేదు, రెండు చోట్లా వెతికి పెద్ద వెర్షన్ ఎక్కడుంటే అది తెచ్చుకుంటుంది. నీ లోపలి ప్యాకేజీ పేరు ఎవడికైనా తెలిసి, అదే పేరుతో పైపీఐలో 99.0 అని పెట్టాడనుకో, నీ టీమ్ మెషీన్లలో వాడి కోడ్ నడుస్తుంది. ఊహించి భయపెట్టట్లేదు, అలెక్స్ బిర్సన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఈ పద్ధతిలోనే యాపిల్, మైక్రోసాఫ్ట్ సహా 35కి పైగా సంస్థల్లోకి తన కోడ్ పంపించి 2021లో ఆ సంగతి బయటపెట్టాడు. అందుకని పిప్‌కి ఒక్క ఇండెక్సే చూపించు. డెవ్‌పీఐ లాంటి ఇండెక్స్ సర్వర్ పెడితే బయటి ప్యాకేజీలను అదే పైపీఐ నుంచి తెచ్చిస్తుంది, నీ ఇండెక్స్‌లో ఉన్న పేరుకి మాత్రం, నువ్వు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, బయటికి వెళ్లదు.

ఒకసారి అప్‌లోడ్ చేసిన వెర్షన్‌ని మళ్లీ తాకకు. చిన్న కామా మార్చినా నంబర్ పెంచు, లేకపోతే క్యాష్‌లో పాతది ఉన్నవాళ్లకి ఒకటి, కొత్తగా వేసుకున్నవాళ్లకి ఇంకోటి, ఇద్దరూ ఒకే నంబర్ చెప్పి కొట్టుకుంటారు.

ఇండెక్స్‌లోకి వెళ్లడానికి వాడే రహస్య టోకెన్లు రిపాజిటరీలో పెట్టకు, చదవడానికి మాత్రమే పనికొచ్చేవి ఇవ్వు. అప్‌లోడ్ హక్కు బిల్డ్ మెషీన్‌కి ఉంటే చాలు, మనుషులకెందుకు?

విడుదల చేసే ముందు ప్రతిసారీ ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో సంబంధం లేని విడి పైథాన్ చోటు), సోర్స్ ఫోల్డర్ బయట నుంచి ఇన్‌స్టాల్ చేసి ఇంపోర్ట్ కొట్టి చూడు. నీ లాప్‌టాప్‌లో ఎప్పటివో ప్యాకేజీలు పడుంటాయి కాబట్టి, రాయడం మర్చిపోయిన డిపెండెన్సీ అక్కడ బయటపడదు.