చెయ్యి ఊపాలా, బొటనవేలు తిప్పాలా?

చి. అఖిల్‌కు మామయ్య ఆశీస్సులు.

మీ రూమ్మేట్ పాత ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్‌ని, ఒంటి కదలికలు చూసి ఆడించే కినెక్ట్ కెమెరాతో సహా చవగ్గా ఇస్తానంటున్నాడని, అది తీసుకోవాలా, లాప్‌టాప్‌కి మంచి కంట్రోలర్ కొనుక్కోవాలా అని అడిగావు. కంట్రోలరే కొను. మారతహళ్లిలో మీ హాలు చూశాను కదా. కినెక్ట్ ముందు ఒక్కడు ఆడాలంటేనే ఆరడుగుల దూరం కావాలి, ఇద్దరికైతే ఎనిమిది. మీకు సోఫా దాటితే గోడే. మీరు గెంతితే కింది ఇంటివాళ్లు ఊరుకోరు. పైగా కినెక్ట్ తయారీ 2017లోనే ఆపేశారు.

అలాగని ఇలా చేతులు, ఒళ్లు కదిపి ఆడే మోషన్ కంట్రోల్‌ని పిల్లలాట అనుకోకు. 2006లో వచ్చిన నింటెండో వీ కన్సోల్ పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. బటన్లంటే బెదిరే మీ అత్తయ్య దాంట్లో బౌలింగ్ ఆడేది, నన్ను ఓడించేది కూడా. అయితే మొదటి వీ రిమోట్‌లో కుదుపును కొలిచే యాక్సెలరోమీటర్ ఉండేది, తిరుగుడును కొలిచే జైరో లేదు. కుదుపు తెలిసేది గానీ చెయ్యి ఎంత తిరిగిందో సరిగ్గా అందేది కాదు. కుర్చీలో కూర్చుని మణికట్టు విదిలించినా టెన్నిస్ బంతి అవతలికి పోయేది! జైరో 2009లో, రిమోట్‌కి తగిలించే మోషన్‌ప్లస్‌తో వచ్చింది.

నీకు కావలసింది ఆ జైరోనే. ప్లేస్టేషన్ డ్యూయల్‌సెన్స్‌లో, స్విచ్ ప్రో కంట్రోలర్‌లో ఉంటుంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో ఉండదు. షాపువాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు, వినకు.

షూటింగ్ ఆటల్లో చుట్టూ చూడటానికి బొటనవేలితో తిప్పే స్టిక్ వాడు. శత్రువు తలకాయంత చిన్న చోట గురి సర్దడానికి మాత్రం కంట్రోలర్‌ని కాస్త వంచు, చాలు. లాప్‌టాప్‌లో ఆటలు ఆడే స్టీమ్ యాప్‌లో జైరోని మౌస్‌లా పనిచేసేలా పెట్టుకోవచ్చు. ఎడమ ట్రిగ్గర్ నొక్కినప్పుడే అది పనిచేసేలా పెట్టు, లేకపోతే టీ కప్పు అందుకున్నా తుపాకీ తిరుగుతుంది. మొదట్లో ఇంతకుముందుకన్నా అధ్వానంగా ఆడతావు. టెన్షన్ పడి ఆఫ్ చేసెయ్యకు, సెన్సిటివిటీ తగ్గించు. గురి దానంతటదే పక్కకు జారుతుంటే కంట్రోలర్‌ని బల్లమీద కదలకుండా పెట్టి కాలిబ్రేట్ చెయ్యి, అంటే కదలకుండా ఉండటమంటే ఏమిటో దానికి మళ్లీ నేర్పు.

కార్ల ఆటల్లో కంట్రోలర్‌ని వంచి నడపకు. స్టిక్‌కి స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. గాల్లో ఉన్న చేతికి మధ్య ఎక్కడో తెలియదు. ఫైటింగ్ ఆటలకైతే జైరో ఊసే వద్దు.

శనివారం ఎస్పీ రోడ్‌లోని ఎలక్ట్రానిక్స్ షాపులకి నేనూ వస్తాను. రెండు స్టిక్‌లూ తిప్పి చూశాకే డబ్బులిద్దాం. బిల్లు మర్చిపోకు.

మీ మామయ్య