బండి సందేహాలు: రేకు కొత్తదేసినాం, అతుకుల మాటేంది?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా జేజినాయన కాలంనాటి మహీంద్రా ఎఫ్‌సీ జీపు ట్రక్కు ఒకటుంది, దాంట్లో చెనిక్కాయ మూటలు, ఎరువు బస్తాలు లెక్కలేనన్ని తోలినారు. ఇరవై ఏండ్లుగా కొట్టం పక్కన నిలబడిపోయింది. ఇప్పుడు నేనూ మా చిన్నాయన కొడుకూ కలిసి రెడీ చేస్తాండాం. డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు చెయ్యి పెడితే పొడైపోతాంది, పక్కసీటు వైపు కూడా అంతే. టింకర్ మేస్త్రీ 18 గేజు రేకు కోసి, ఒంచి, రెండు ముక్కలు తయారుచేసి పెట్టినాడు. ఇంగ వెల్డింగ్ కొట్టి, రెడ్ ఆక్సైడ్ పూసి, కింద తారు కొట్టేస్తే అయిపోతాది, మన దగ్గర వానలెక్కడ అబ్బీ తుప్పు పట్టేదానికి అంటాడు. నిజమేనా? ఏది ముందు ఏది వెనక చెయ్యాల?

జవాబు: అనంతపురం జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, ఆ మాట నిజమే తమ్ముడూ. కానీ వాన లేకపోతే తుప్పే లేదంటే మరి మీ పాత ఫ్లోరు ఎందుకు పొడైంది, ఆ ఒక్క ప్రశ్న మీ మేస్త్రీని అడిగి చూడు.

క్యాబిన్ ఫ్లోరుకు తుప్పు ఆకాశం నుంచి వచ్చేది తక్కువ. ముందద్దం రబ్బరు ఎండి పగిలి ఉంటాది, బండి కడిగినప్పుడల్లా నీళ్లు అక్కడ్నించి లోపలికి దిగుతాయి, అదీ బోరు నీళ్లు, ఉప్పు బాగా ఉన్నవి. ఆ పైన చేలో నుంచి వచ్చిన కాళ్ల బురద, యూరియా, డీఏపీ బస్తాల నుంచి రాలిన పొడి. ఎరువు ఉప్పులాంటిదే కదా, గాల్లో తేమను లాక్కుంటాది. ఇదంతా రబ్బరు మ్యాటు కిందికి చేరిందంటే బయట 42 డిగ్రీల ఎండ కాసినా అడుగున తడి ఆరదు. పైన మ్యాటు బాగానే కనపడతాంటాది, కింద రేకు మెల్లగా పోతాంటాది.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త రేకు మధ్యలో తుప్పు పట్టడం అరుదు, పట్టేదంతా అతుకుల్లోనే. పాత రేకు అంచు మీద కొత్త రేకు అంచు ఎక్కించి వెల్డింగ్ చేస్తారు కదా, ఆ రెండింటి మధ్య వెంట్రుకంత సందు మిగుల్తాది. దీపం ఒత్తి నూనె పీల్చినట్టు ఆ సందు నీళ్లను పీల్చుకుంటాది, బయటికి వదలదు. లోపల తుప్పు పుట్టి ఉబ్బుతాది, ఉబ్బి అంచును ఎత్తుతాది, ఇంకాస్త నీళ్లు పోతాయి. పైన ఎంత పెయింటు కొట్టినా ఆ సందులోకి పోదు, అందుకే అక్కడ చెయ్యాల్సింది వెల్డింగ్ కంటే ముందే చెయ్యాల.

ముందుగా పాత అంచులు. కత్తిరించేటప్పుడు తుప్పు కనపడినంత మేర కాదు, గట్టి రేకు తగిలేదాకా కోయించు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు, దిగిందంటే అది రేకు కాదు. మిగిలిన అంచును వైరు బ్రష్ కప్పుతో తెల్లగా మెరిసేదాకా రుద్దాల. గుంటల్లో నల్లగా మిగిలిన తుప్పుకు ఫాస్ఫోరిక్ యాసిడ్ ఉండే రస్ట్ రిమూవర్ పూయొచ్చు, కానీ తర్వాత శుభ్రంగా కడిగి బాగా ఆరబెట్టాల, యాసిడ్ మిగిలితే తర్వాత కొట్టే ఎపాక్సీ ప్రైమర్ పట్టుకోదు. కొత్త రేకు మీద ఫ్యాక్టరీ నూనె ఉంటాది, థిన్నర్‌తో ఒక గుడ్డతో తుడిచి, వెంటనే ఇంకో పొడిగుడ్డతో తుడువు. తుడిచినాక నీళ్లు చిలకరించి చూడు, ముత్యాల్లాగా విడివిడిగా నిలబడితే నూనె ఇంకా ఉన్నట్టు, పరుచుకుంటే పోయినట్టు. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, చెమట కూడా ఉప్పే.

రెండు అంచులు కలిసేచోట జింక్ ఉండే వెల్డ్‌త్రూ ప్రైమర్ స్ప్రే కొట్టండి, పల్చగా. జింక్ తాను కరిగి ఇనుమును కాపాడతాది. కాకపోతే సరిగ్గా వెల్డింగ్ పడే చుక్క దగ్గర దాన్ని గీకేయమను, లేకపోతే బుడగలొస్తాయి. ఆ కాలిన జింక్ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం, గాలి ఆడేచోట చెయ్యాల. జీఐ రేకు (జింక్ పూత ఉండేది) వాడదాం అని ఎవురైనా అంటే వాళ్లకూ ఇదే చెప్పు. పైరేకుకు అంగుళంన్నరకొకటి 8 మిల్లీమీటర్ల రంధ్రం వేసి సీఓటూ వెల్డింగ్‌తో నింపితే మంచిది, గ్యాస్ వెల్డింగ్‌కు 18 గేజు రేకు అప్పడం మాదిరి వంకర తిరుగుతాది. ఒకపక్క నుంచి వరసగా లాక్కుంటా పోకుండా ఇక్కడొక టాకా అక్కడొక టాకా వేసుకుంటా పోవాల. మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసేయండి, ట్యాంకు, పెట్రోలు పైపు ఎక్కడున్నాయో చూసి తప్పించండి, ఇది చెప్పాల్సిన పని లేదు కానీ చెప్తాండా.

వెల్డింగ్ అయినాక మసి, చిటపటలు గ్రైండ్ చేసి, మళ్లీ థిన్నర్ పెట్టి, పైనా కిందా రెండు కోట్లు టూ ప్యాక్ (రెండు డబ్బాల మందు కలిపి కొట్టేది) ఎపాక్సీ ప్రైమర్. ఇక్కడే మీ మేస్త్రీతో నాకు గొడవ. రెడ్ ఆక్సైడ్ ఇంటి గేటుకు బాగుంటాది, పైన పెయింటు వేసి ఏడాదికోసారి చూసుకుంటాం కాబట్టి. దాని గుండా తేమ దిగుతాది, కళ్లకు కనపడని ఫ్లోరు అడుగుకు అది చాలదు. ఎపాక్సీలో హార్డెనర్ డబ్బా మీద చెప్పిన పాళ్లలోనే కలపాల, కంటి అందాజుతో కాదు. మన ఎండకు కలిపిన మందు తొందరగా గట్టిపడతాది, కొంచెం కొంచెం కలుపుకొని పొద్దున్నే కొట్టేయండి, మధ్యాన్నం చెయ్యి కాలే రేకు మీద కొడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటాది. ముక్కుకు చేతిగుడ్డ కట్టుకుంటే చాలదు, పెయింటర్ల కార్ట్రిడ్జ్ మాస్కు వాడండి.

ఎపాక్సీ ఆరినాకే సీలర్ (అతుకుల సందు మూసే మందు), ఉత్త ఇనుము మీద కాదు. పాలీయురెథేన్ సీమ్ సీలర్ ట్యూబు గన్‌లో పెట్టి అతుకు పొడుగునా గీత లాగి, వేలికి గ్లౌజు వేసుకొని లోపలికి నొక్కి సాపు చెయ్యి. పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా. మందంగా పెడితే మంచిదనుకోవద్దు, అది గాల్లో తేమతోనే గట్టిపడేది, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు మించి ఆరదు, మన పొడిగాలికి ఇంకా నెమ్మది. ఏప్రిల్‌లో చేస్తే షెడ్డు నేల తడిపి పెట్టుకోండి. తర్వాత పైన పెయింటు తప్పదు, ఎపాక్సీ ఎండకు తట్టుకోలేక సుద్దలాగా రాలతాది.

తారు సంగతి కూడా ఇప్పుడు. కింద తారు అండర్‌కోటింగ్ వద్దనను, రాళ్ల దెబ్బకు మంచిదే, కానీ అది ఆఖరి దుప్పటి. ఉత్త రేకు మీద తారు పూస్తే ఒకరోజు ఎక్కడో పగులుతాది, ఆ పగుల్లోంచి నీళ్లు దూరి తారు వెనకాల తిరుగుతాంటాయి, బయటికేమో నల్లగా నిగనిగలాడతాంటాది. సైలెన్సర్, బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కప్లింగుల మీద పడకుండా పేపరు చుట్టి కొట్టండి. ఫ్లోరు కింద పెట్టెలాంటి మూసిన సందుల్లోకి గన్ పోదు, అక్కడ క్యావిటీ వ్యాక్స్ (మైనంలాంటి మందు) సన్నపైపుతో లోపలికి కొట్టించండి.

ఇంగొకటి మీ బండికి ప్రత్యేకం. ఎఫ్‌సీలో ఇంజను సీట్ల మధ్యనే కదా, దాని మూత అంచును సీలర్‌తో అంటించేయొద్దు, ఇంజను పనికి ప్రతిసారీ తీయాల. రబ్బరు పట్టీ వేసి బోల్టులతో బిగించండి. ఆ సందు బాగా మూసుకోవడం నీళ్లకోసమే కాదు, సైలెన్సర్ పొగ క్యాబిన్లోకి రాకుండా ఉండేదానికి కూడా.

ఫ్లోరులో నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు. నా సొంత జీపుకు అతితెలివితో అన్నీ సీలర్ పెట్టి మూసేసినా, ఒక్క తుపాను వానకు తలుపు సందులోంచి దిగిన నీళ్లు ఎటూ పోక నిలిచిపోయి నెల తర్వాత కార్పెట్ ఎత్తి చూస్తే కప్పలు పెంచుకోవచ్చు అన్నట్టుంది. మళ్లీ ఫ్లోరు కోయించినా. రంధ్రాలకు రబ్బరు గ్రామెట్లు (బిరడాలు) పెట్టుకొని, బండి కడిగినప్పుడు పీకి, ఆరినాక పెట్టుకోండి.

మ్యాటు వేసే ముందు ఒకరు టార్చి పట్టుకొని లోపల కూచోండి, ఇంకొకరు అద్దం మీద పైపుతో నీళ్లు కొట్టండి. అద్దం రబ్బరు మార్చకుండా ఫ్లోరు మార్చితే మళ్లీ ఈ ఉత్తరమే రాయాల్సొస్తాది.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి. మా బావ అద్దాల షాపులో సిలికాన్ ట్యూబులు మిగిలినాయి, ఫ్లోరు అతుకులకు అదే కొట్టేస్తే కాదా? లేకపోతే ఎంసీల్?

జవాబు: రెండూ వద్దు బావా (మీ బావకు నేనూ బావనే అనుకో). ట్యూబు మూత తీసి వాసన చూడు, వెనిగర్ మాదిరి పుల్లటి వాసనొస్తే అది ఆరేటప్పుడు యాసిడ్ వదిలే రకం, తుప్పును ఆపేదానికి తెచ్చి తుప్పుకే తిండి పెట్టినట్టు. వాసన లేని రకమైనా దాని మీద పెయింటు నిలవదు, తర్వాత గీకినా ఆ జిడ్డు పోదు, పెయింటు కొట్టినప్పుడు చేపకళ్ల మాదిరి గుంటలు పడతాయి. ఎంసీల్ గట్టిపడితే రాయి, ఫ్లోరు ఊగినప్పుడు అది ఊగదు, అంచున చీలుతాది. పైపు లీకుకు వాడుకో. బాడీ పుట్టీ కూడా ఇంతే, నీళ్లు తాగుతాది.

ప్రశ్న: ఆదోని నుంచి. మా పెద్దలు ఏటా కాలిన ఇంజనాయిలు కింద కొట్టించేవాళ్లు, అది తప్పా?

జవాబు: పెద్దోళ్లు చేసింది అప్పట్లో పనికొచ్చింది, లేదనను. కానీ కాలిన ఆయిల్లో ఇంజను మసి, యాసిడ్లు ఉంటాయి, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, మన దుమ్ము దానికి అంటుకొని తేమను పట్టుకునే పూత తయారవుతాది, కింద పడింది భూమిలోకి పోతాది. పైగా రేపు మళ్లీ ప్రైమర్ కొట్టాలంటే ఆ నూనె పోగొట్టేదానికే రెండు రోజులు. పూత మీద గీత పడితే అక్కడ గీకి ఎపాక్సీ పూసి, మూసిన సందుల్లో రెండేండ్లకోసారి వ్యాక్స్ కొట్టించుకో.