బ్లాడర్ ఎక్స్‌ట్రఫీతో పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక క్యాన్సర్ తప్పదా?

మీ బాబు మూత్రాశయం పొట్ట బయటికి తెరుచుకుని పుట్టాడనీ, కొద్దిరోజులకే మూసే ఆపరేషన్ అయిందనీ రాశారు. ‘పెద్దయ్యాక క్యాన్సర్ తప్పదు’ అని ఎవరో అన్నప్పటి నుంచి మీకు నిద్ర లేదన్నారు. నేనూ అలాగే పుట్టాను. ఇప్పుడు నలభై దాటాయి. తప్పదన్న మాట నిజం కాదండీ.

మిగతావాళ్లకన్నా రిస్క్ ఎక్కువన్నది మాత్రం నిజమే. ఎంత ఎక్కువన్నది చాలావరకు ఏ ఆపరేషన్ చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మూత్రాశయాన్ని మూయకుండా ఏళ్లతరబడి వదిలేస్తే, లోపలి పొర ఒరుసుకుని, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చి, పేగు పొరలా మారుతుంది. అక్కడ అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ పుట్టొచ్చు. మీ బాబుకు ముందే మూసేశారు కాబట్టి ఆ పరిస్థితి లేదు.

రెండో రకం నాలాంటివాళ్లం. చిన్నప్పుడు నా మూత్రనాళాలను, అంటే కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే గొట్టాలను, పెద్దపేగుకు కలిపారు. దీన్ని యురెటెరోసిగ్మాయిడోస్టమీ అంటారు. మూత్రం కోసం బయట సంచీ తగిలించుకోనక్కర్లేదు, బడికెళ్లే పిల్లకు అదెంత ఊరటో! కానీ మూత్రం, మలం, బ్యాక్టీరియా ఒకచోట చేరితే నైట్రోసమీన్లనే హానికర రసాయనాలు తయారై, అతుకు వేసిన చోట కణాలను దెబ్బతీస్తాయని డాక్టర్లు వివరించారు. క్యాన్సర్ వస్తే సాధారణంగా ఆపరేషన్ అయిన 20 ఏళ్లు దాటాకే బయటపడుతుంది. అందుకే ఆపరేషన్ అయిన పదేళ్ల నుంచి ఏటా కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకోమంటారు. అలా చూస్తున్నప్పుడే ఒకసారి నాకు అతుకు దగ్గర పాలిప్, అంటే చిన్న కండ లాంటిది, కనబడింది. తీసి బయాప్సీకి పంపారు, క్యాన్సర్ కాదని తేలింది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అయినా ఏటా వెళ్లడం మానలేదు, మానను కూడా.

ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కమాట: కొలనోస్కోపీ చేసే డాక్టరుకు ముందే చెప్పండి. తెలియకపోతే పేగులోకి తెరుచుకున్న మూత్రనాళం మొననే పాలిప్ అనుకుని కోసే ప్రమాదం ఉంది. తర్వాత మూత్రం దారి మార్చినా, పేగులో అతుకు ముక్క మిగిలితే రిస్క్ పోదు, చెకప్‌లు ఆపొద్దు.

మీ విషయానికొస్తే, ముందుముందు మూత్రాశయాన్ని పెద్దది చేయడానికి పేగు ముక్క కలపాల్సి రావచ్చు. అప్పుడు కూడా జీవితాంతం యూరాలజిస్టు చూస్తూ ఉండాలి. నొప్పి లేకపోయినా సరే, మూత్రంలో రక్తం కనిపిస్తే వెంటనే చూపించాలి. పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారే వయసులోనే చాలామంది చెకప్‌లు వదిలేస్తారు, నాకు అన్నిటికన్నా భయం దానికే. ఈసారి వెళ్లినప్పుడు ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి. బాబు పెద్దయ్యాక ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే.