నౌపడ ఉప్పు మళ్ల నుంచి ధ్రువ సముద్రాల దాకా

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ. ఉప్పు మళ్ల మీదే బతుకుతున్నాం. టెక్కలిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది చదువుతున్న మా అమ్మాయి, ధ్రువ సముద్రాల నీటి మీద, మంచు కరిగితే అందులో వచ్చే మార్పుల మీద పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేయమని మేమంటున్నాం. ఆ చదువుకు ఉద్యోగాలున్నాయా?

జవాబు: ఆ చదువు మీరు భయపడుతున్నంత దూరంలో లేదు. మీ మళ్లలో ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ధ్రువాల దగ్గర చలికి నీరు గడ్డకడుతూ ఉప్పును బయటికి నెట్టేస్తుంది. కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. మంచు సందుల్లో చిక్కుకుపోయిన ఉప్పునీరు చలి ముదిరేకొద్దీ చిక్కబడుతుంది. మీ మళ్లలో ముందు కాల్షియం కార్బొనేటు, తరువాత జిప్సం, ఆ తరువాతే తినే ఉప్పు దిగుతాయి కదా, మంచులోనూ వరస ఇంచుమించు అదే: మొదట ఇకైట్ అనే రూపంలో కార్బొనేటు, మైనస్ 6.4 డిగ్రీల దగ్గర సోడియం సల్ఫేటు, మైనస్ 23 డిగ్రీల ప్రాంతంలో సోడియం క్లోరైడు.

మంచు కరిగినప్పుడు కథ తిరగబడుతుంది. వరద రోజుల్లో వంశధార నీరు కళింగపట్నం దగ్గర సముద్రం మీద తేలినట్టే, కరిగిన మంచినీరు బరువైన ఉప్పునీటిపై పొరలా పరుచుకుని, పైనీరు కిందినీటితో కలవకుండా అడ్డుపడుతుంది. పై పొరలో క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం), గుల్లలకు ముడిసరుకైన కార్బొనేటు అయాన్లు పలచబడతాయి. చల్లని నీరు కార్బన్ డయాక్సైడును ఎక్కువగా కరిగించుకుని ఆమ్లత వైపు మొగ్గుతుంది కాబట్టి, సున్నపు గుల్ల కట్టుకునే చిన్న జీవులకు అక్కడ ఇబ్బంది తప్పదు. అలాగని అంతా నష్టమేనని చెప్పలేం. ఇనుము కొరతగా ఉండే అంటార్కిటికా చుట్టుపక్కల సముద్రానికి హిమానీనదాల నీరు ఆ ఇనుమును మోసుకొచ్చి సూక్ష్మ శైవలాలను (కంటికి కనబడని నాచును) పెంచుతుంది. ఒక నమూనాలోని మంచినీరు హిమానీనదానిదా, సముద్రపు మంచుదా అన్నది ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన రకం) నిష్పత్తిని బట్టి తేలుస్తారు. నదుల మంచినీటి పొర బంగాళాఖాతం మీదా పరుచుకుంటుంది గనుక, ఈ విద్య నేర్చినవారికి మన తీరంలోనూ పని ఉంటుంది.

ఇక దారి విషయానికి వద్దాం. మొదటి మెట్టు మంచి ఎంఎస్సీ కెమిస్ట్రీ. లేదంటే కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో హైడ్రోకెమిస్ట్రీ, మీకు దగ్గరలోనే ఉన్న బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాలు చూడవచ్చు. తరువాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) సాధిస్తే, 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు అందుతాయి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రమే అంటార్కిటికాలో మైత్రి, భారతి స్థావరాలనూ, ఆర్కిటిక్‌లో 2008లో మొదలైన హిమాద్రినీ నడుపుతోంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖపట్నంలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

దాచకుండా చెప్పాలంటే, శాశ్వత ఉద్యోగాలు తక్కువ; పీహెచ్‌డీకి అయిదేళ్లు సులువుగా పడుతుంది, ఆ తరువాత ఒప్పంద ప్రాజెక్టుల మీద కొంతకాలం నెట్టుకురావాలి. అయితే పరికరాల మీద చెయ్యి తిరిగిన కెమిస్టుకు పైడిభీమవరం మందుల కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లోనైనా, నీటి పరీక్షా కేంద్రాల్లోనైనా చోటుంటుంది. బీఈడీ ఎంఎస్సీ తరువాతైనా చేయవచ్చు.

ధ్రువాల పేరు వినగానే కళ్లు మెరిసే పిల్లలు, టైట్రేషన్ (చుక్కచుక్కగా ద్రావణం కలిపి లెక్క తేల్చే పని) అనగానే ముఖం తిప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఓడ మీద చేసే పనిలో చాలా భాగం అదే: నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవాలంటే, గాలి బుడగ చేరకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు వేసి, గోధుమరంగు మడ్డి దిగాక ఆమ్లంతో కరిగించి, స్టార్చి నీలం పోయే ఒక్క చుక్క కోసం బ్యూరెట్టు ముందు నిలబడాలి. అందుచేత ముందు ఒక పని చేయించండి. మీ మళ్లలో మొదటి మడి నుంచి ఉప్పు దిగే మడి వరకు వరసగా నీళ్లు పట్టించి, కాలేజీ ల్యాబులో అధ్యాపకుల అనుమతితో, బాగా పలచబరిచి, సిల్వర్ నైట్రేటుతో క్లోరైడు లెక్క కట్టమనండి. ఒక్కో సీసాకు మూడుసార్లు చేసి, మూడు రీడింగులూ దగ్గరదగ్గరగా వచ్చేదాకా విసుగు లేకుండా కూర్చోగలిగితే, బీఈడీ మాట పక్కనపెట్టి ఎంఎస్సీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించండి.