పురుగుల పాఠం చెప్పబోయే అమ్మాయికి

అమ్మాయీ,

పరాన్నజీవి పురుగుల మీద రోగనిరోధక వ్యవస్థ ఎలా స్పందిస్తుందో వచ్చే వారం క్లాసులో చెప్పాలనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 9, 13 (రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు) అంటూ బాణాలతో నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. అందులో తప్పేం లేదు. కానీ దాంతో మొదలుపెట్టకు తల్లీ. నేను మొదటి పదేళ్లూ అలాగే చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో అప్పజెప్పారు, ఆ తర్వాత మర్చిపోయారు.

బోర్డు మీద 30 సెంటీమీటర్ల గీత ఒకటి గియ్యి. ఎదిగిన ఆడ ఏలికపాము ఇంచుమించు అంత ఉంటుంది. పక్కనే సుద్దముక్కతో చిన్న చుక్క పెట్టు. ఆ చుక్క ఒక మిల్లీమీటరే అనుకున్నా, ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణం అందులో ఎనభయ్యో వంతు. బ్యాక్టీరియాని మింగినట్టు ఆ పురుగుని ఏ కణం మింగగలదో చెప్పమను. జవాబు నువ్వు అందించకు, కాసేపు వాళ్లనే తంటాలు పడనీ. మింగడం కుదరదని వాళ్ల నోటితో వాళ్లే అన్నాక, మరి శరీరం ఏం చేస్తుందన్న ప్రశ్న వాళ్లకే పుడుతుంది. మింగలేనిదాన్ని గెంటేస్తుంది. గెంటలేకపోతే కట్టడి చేస్తుంది. అదీ కాకపోతే సర్దుకుని బతుకుతుంది. నీ పాఠమంతా ఈ మూడింటి చుట్టూనే తిరగాలి.

గెంటడం దగ్గర తీరిగ్గా ఆగు. పేగు లోపలి పొరలో అక్కడక్కడా టఫ్ట్ కణాలుంటాయి. నేను చదువుకునే రోజుల్లో అవి దేనికున్నాయో పుస్తకాల్లో లేదు. పురుగు వచ్చిందని పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్ 25 వదిలేది అవేనని 2016లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఆ కబురు అందగానే పొర కిందున్న ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్ 13 చిమ్ముతాయి. ఈ ఒక్క పదార్థం చేసే పనులు చూడు: గోబ్లెట్ కణాలు పెరిగి జిగురు దట్టంగా ఊరుతుంది, పేగు కండరం గట్టిగా బిగుసుకుంటుంది, లోపలికి నీరు చేరుతుంది. పైగా కొత్తగా పుట్టే కణాల్లో ఎక్కువ భాగాన్ని టఫ్ట్ కణాలుగానే మారుస్తుంది, అంటే కాపలావాళ్లు కూడా పెరుగుతారన్నమాట.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. కొరడాపురుగు తన సన్నటి తలభాగాన్ని పేగు పొర కణాల్లోకే దూర్చుకుని ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్ 13 వచ్చాక ఆ కణాలు తొందరతొందరగా పుట్టి, పైకి జరిగి, రాలిపోతాయి. పురుగు పట్టుకున్న గోడే కదిలిపోతుంది. 2005లో ఎలుకల్లో ఇది చూపించారు. దీన్ని బొమ్మ గీసి చెప్పు, పిల్లలు మర్చిపోరు.

ఐజీఈ అనే ప్రతిరక్షకం, మాస్ట్ కణాల గురించి వాళ్లు అలెర్జీ పాఠంలో విని ఉంటారు, అక్కడ ఎక్కువసేపు పట్టదు. ఇసినోఫిల్స్ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘ఇవి పురుగుల్ని చంపుతాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేయకు. ప్రతిరక్షకాలు అంటుకున్న లార్వాని (పిల్ల పురుగుని) గాజుపలక మీద ఇసినోఫిల్స్‌తో కలిపి పెడితే అవి చుట్టూ చేరి, ఒంటికి అతుక్కుని, తమ రేణువుల్లోని విషపు ప్రోటీన్లని దాని మీదే కుమ్మరిస్తాయి. లార్వా మెలికలు తిరుగుతూ నెమ్మదిగా ఆగిపోతుంది. కానీ అది లార్వా, అదీ గాజుపలక మీద. పేగులో ఎదిగిన పురుగు దగ్గర వీటి ప్రతాపం అంతగా సాగదు.

మరమ్మతు సంగతి వదిలెయ్యకు. ఏలికపాము లార్వాలు ఊపిరితిత్తుల్లోంచి పొడుచుకుని బయటికొస్తాయి, అక్కడ గాయం మిగులుతుంది. పురుగుని గెంటమని చెప్పే ఇంటర్‌ల్యూకిన్ 4, 13లే మాక్రోఫేజ్‌లనే పెద్ద తెల్లకణాల్ని గాయం మాన్పే పనికి కూడా పురమాయిస్తాయి. ఆ మరమ్మతు శ్రుతి మించినా ముప్పే. రక్తనాళాల్లో బతికే షిస్టోసోమా పురుగు గుడ్లు కాలేయంలో చిక్కుకున్నప్పుడు, కట్టడి చేయడానికి వాటి చుట్టూ శరీరం కట్టే గోడలే పోనుపోను కాలేయాన్ని గట్టిపరుస్తాయి.

ఇక సర్దుకోవడం. ఇక్కడే పిల్లలు తికమకపడతారు, శరీరం ఓడిపోయిందనుకుంటారు. వాళ్లకి లెక్క చెప్పు. ఆడ ఏలికపాము రోజుకి రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. కానీ ఆ గుడ్డు బయట మట్టిలో పక్వమై మళ్లీ నోట్లోకి వెళితే తప్ప కొత్త పురుగు తయారవదు. అంటే లోపల పది పురుగులుంటే అవి పదే, రేపటికి వందవవు. పది పురుగుల కోసం తన పేగునీ ఊపిరితిత్తుల్నీ తానే చీల్చుకోవడం కంటే ఓర్చుకోవడం శరీరానికి తక్కువ నష్టం. పురుగు కూడా అదే కోరుకుంటుంది. రోగనిరోధక స్పందనని అదుపుచేసే రెగ్యులేటరీ టీ కణాలు, ఇంటర్‌ల్యూకిన్ 10 కలిసి మంటని చల్లారుస్తాయి. ఎలుకల పేగులో ఉండే ఒక పురుగైతే మంటని తగ్గించే మన సంకేతం టీజీఎఫ్ బీటాలాగా పనిచేసే ప్రోటీన్ తానే తయారుచేసుకుంటుందని 2017లో బయటపడింది. నిర్మాణంలో దానికీ మన దానికీ పోలికే లేదు, పని మాత్రం అదే. బోదకాలు పురుగుని కూడా ఉదాహరణగా చెప్పు. రక్తంలో మైక్రోఫైలేరియాలు (ఆ పురుగు పిల్లలు) ఈదుతున్న మనిషి చాలాసార్లు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. కాలు వాచిన మనిషి రక్తంలో తరచూ అవి కనిపించవు.

అలెర్జీ తగ్గడానికి పురుగుల్ని మింగొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. పంది కొరడాపురుగు గుడ్లతో క్రోన్స్ వ్యాధికి (రోగనిరోధక వ్యవస్థ శ్రుతి మించి పేగు వాచే జబ్బు) చేసిన పెద్ద పరీక్షల్లో అవి ఉత్తుత్తి మందు కంటే మెరుగని తేలలేదు. మొహమాటపడకుండా ‘వద్దు’ అని చెప్పు.

చివరి పావుగంట స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగుకి ఉంచు. ఇందాకటి లెక్క దీనికి పనికిరాదు. దీని లార్వాలు పేగులోనే ముదిరి, గోడ తొలుచుకుని మళ్లీ ఒంట్లోకి వెళ్లగలవు. బయటి మట్టితో పని లేకుండా దశాబ్దాల తరబడి ఇలా సాగుతుంది. శరీరం పట్టి ఉంచినన్నాళ్లూ అంతా మామూలుగానే ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయాసంతో వచ్చిన ఒకాయన మలపరీక్ష నా బల్ల మీదికి వచ్చింది. రక్తంలో ఇసినోఫిల్స్ ఎక్కువున్నాయని కాగితంలో రాసే ఉంది. ఒకే నమూనా చూసి ‘పురుగులు లేవు’ అని సంతకం పెట్టాను. ఆయనకి ఆయాసం తగ్గడానికి, రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. రెండు వారాల తర్వాత ఆయన కఫం స్లైడు మీద వేసి చూస్తే లార్వాలు, ఒకటి కాదు, కంటికి ఆనినంత మేరా కదులుతూనే ఉన్నాయి. ఇసినోఫిల్స్ మాత్రం లేవు. స్టెరాయిడ్లు వాటినీ తగ్గించేశాయి. పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చేసరికే ఆలస్యమైంది, ఆయన దక్కలేదు. ఈ సంగతి నీతో ఇదివరకు చెప్పలేదు. ఇప్పుడు నీ క్లాసులో చెప్పు, నా పేరుతోనే చెప్పు.

ఆ పిల్లల్లో సగం మంది రేపు స్టెరాయిడ్లు రాసేవాళ్లే. ఇసినోఫిల్స్ పెరిగి ఉంటే ముందు ఈ పురుగుని అనుమానించాలి. ఒక్క నమూనాతో సరిపెట్టకుండా వేర్వేరు రోజుల్లో కనీసం మూడు చూడాలి, వీలుంటే అగర్ ప్లేటు కల్చరూ (మలాన్ని జెల్లీ పలక మీద ఉంచి లార్వాల జాడ చూడటం), రక్తంలో ప్రతిరక్షకాల పరీక్షా చేయించాలి. ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నాయని పురుగు లేదనుకోకూడదు.

ఆనాటి స్లైడు ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. కాగితంలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రంగు కొంచెం వెలిసింది, తక్కువ వెలుతురులో చూపించు, లార్వాలు స్పష్టంగా కనిపిస్తాయి.

నీ మేడమ్