మస్టాంగ్ వీల్ కవర్లు అసలువేనా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నాడు. దాని వీల్ కవర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనని అమ్మినవారు చెప్పారట. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: ముందుగా ఒక కవరు ఊడదీసి, దానిమీద భాగం సంఖ్య ముద్రించి ఉందేమో చూడమనండి. ఆనాటి ఫోర్డ్ సంఖ్యల్లో మొదటి అక్షరం దశాబ్దాన్ని, తరువాతి అంకె సంవత్సరాన్ని, మూడవ స్థానంలోని అక్షరం కారు శ్రేణిని తెలుపుతాయి కనుక, అది 'సీ7జడ్' అని మొదలైతే ఆ భాగాన్ని 1967 మస్టాంగ్ కోసం రూపొందించారని అర్థం. అయితే ఇది కవరు పుట్టుకకే సాక్ష్యం. అది ఆ కారుతోనే వచ్చిందనడానికి కాదు. ఇన్నేళ్లలో కవర్లు ఒక కారు నుంచి మరొక కారుకు మారడం సహజమే.

అందుకే కారు చరిత్రను వేరుగా విచారించాలి. 1967 మొదలుకొని ఫోర్డ్ కార్ల ఉత్పత్తి వివరాలు అమెరికాలోని మార్టీ ఆటో వర్క్స్ వద్ద ఉన్నాయి. కారు గుర్తింపు సంఖ్య పంపి రుసుము చెల్లిస్తే, ఆ కారుకు ఏయే అదనపు హంగులు ఆర్డరు చేశారో తెలిపే నివేదిక ఇస్తారు. (మీవాడు 1966 కారు కొని ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు.) డీలరు తన దుకాణంలో బిగించినవి అందులో చేరవు.

నెల్లూరుకు తెప్పించి చవకగా పాలిష్ పట్టిద్దామని మీకు అనిపించవచ్చు గానీ, విచారణ ముగిసేదాకా ఆగండి. గట్టిగా రుద్దితే అసలు రంగు జాడలు చెరిగిపోతాయి.