ముందు ఆఫీసులు ఎక్కడికి పోతాయో తేల్చు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత ప్రభుత్వ ఆఫీసుల ఆవరణను యూనివర్సిటీ రీసెర్చ్ పార్కుగా, అంటే కంపెనీలూ ప్రొఫెసర్లూ కలిసి పరిశోధన చేసే చోటుగా మార్చే పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. ఈపాటికి కన్సల్టెంట్లు గాజు బిల్డింగుల బొమ్మలు పట్టుకుని నీ టేబుల్ చుట్టూ తిరుగుతుంటారు. అవి పక్కన పెట్టు తల్లీ. అక్కడున్న ఆఫీసులు ఎక్కడికి పోతాయో ముందు తేల్చు.

అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో ఈ చిక్కు విప్పిన తీరు ఓసారి చూడు. అక్కడ ఎంఐటీ అనే పేరున్న యూనివర్సిటీని ఆనుకుని అమెరికా రవాణా శాఖ వారి పరిశోధన కేంద్రం వోల్పే సెంటర్ 14 ఎకరాల్లో ఉండేది. 2017లో 75 కోట్ల డాలర్లకు ఎంఐటీతో ఒప్పందం కుదిరింది. కిటుకంతా వరసలో ఉంది. ఎంఐటీ ముందు అదే ఆవరణలో ఓ 4 ఎకరాల్లో ప్రభుత్వానికి కొత్త భవనం కట్టి అప్పగించాలి, ఆ తర్వాతే మిగతా 10 ఎకరాలు దాని చేతికొస్తాయి. ఆ భవనం 2023లో పూర్తయింది. అంతటి సంస్థకే ఆరేళ్లు పట్టింది. ఎవరైనా నీతో 18 నెలలంటే నవ్వి ఊరుకో.

మన దగ్గర తాత్కాలికమంటూ అద్దె ఇళ్లలోకి తోసేస్తారు, అది ఏళ్లకేళ్లు సాగుతుంది. రికార్డు రూము సంగతైతే ఎవరికీ పట్టదు. ఎర్రగుడ్డ మూటల్లో సర్వీసు రిజిస్టర్లు, భూసేకరణ ఫైళ్లు ఉంటాయి. ఎవరో ముసలాయన పెన్షన్ కేసు వాటిలోనే ఇరుక్కుని ఉంటుంది. వాటి స్కానింగుకీ తరలింపుకీ ఎస్టిమేట్లో ఇప్పుడే పద్దు పెట్టు.

భూమి ఏ శాఖ పేరున ఉందో, ఏ పనికని కేటాయించారో పాత జీవో తీయించి చూడు.

పాత బ్లాకులన్నీ వాడేద్దామనే వాళ్లూ ఉంటారు. గుమాస్తాల బల్లల కోసం వేసిన శ్లాబు మీద బరువైన యంత్రాలు పెట్టాలంటే ముందు కాంక్రీటుకు కోర్ టెస్ట్ (ముక్క తొలిచి తీసి బలం చూసే పరీక్ష) చేయించాలి. ల్యాబులో విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ల గొట్టాలు పోవడానికి పది, పదకొండు అడుగుల ఎత్తు చాలదు. అలాంటివి స్టార్టప్ ఆఫీసులకో క్యాంటీనుకో ఇచ్చేయ్. రసాయనాల ల్యాబులు మాత్రం కొత్త కట్టడంలోనే.

ఇక లీజు. ఎక్కువ అద్దె పాడినవాడికల్లా ఇచ్చుకుంటూ పోతే మీకు మిగిలేది ఇంకో ఐటీ కాంప్లెక్సు. చెన్నై తరమణిలో ఐఐటీ మద్రాసు రీసెర్చ్ పార్కు 2010 నుంచి నడుస్తోంది. అక్కడ కంపెనీ అద్దె కట్టినంత మాత్రాన సరిపోదు. విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుని, ప్రొఫెసర్లతో ప్రాజెక్టులు చేసి క్రెడిట్లు, అంటే పాయింట్లు సంపాదించాలి. మీ లీజులోనూ అలాంటి షరతు రాయించు. ఏటా దాని లెక్క చూడ్డానికి ఒక మనిషినీ, షరతు తప్పితే అద్దె పెంచే క్లాజునూ పెట్టు. అడగనివాడి షరతు ఎవరూ పాటించరు.

యూనివర్సిటీకీ మీకూ మధ్య ప్రహరీ ఉంటే అందులో గేటు పెట్టించు, సెక్యూరిటీ పేరుతో దానికి తాళం పడనివ్వకు. ఎండలో మెయిన్ రోడ్డంతా చుట్టి ఏ ప్రొఫెసరూ మీ ల్యాబుకు రాడు.

లీజు ముసాయిదా తయారైతే నాకో కాపీ పంపు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

మామయ్య